అర్జీ ఒక ఇంటికి, ప్రశ్న వెయ్యి ఇళ్లకు

నేను మైదుకూరు వాణ్ణి. బడిపంతులుగా పనిచేసి రిటైరయినాను. మా ఊరు నాలుగు రోడ్ల కూడలి. ఉత్తరాన కర్నూలు దారి, దక్షిణాన కడప దారి, పడమర ప్రొద్దుటూరు, తూర్పున బద్వేలు. ఈ నాలుగు దిక్కుల పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ముప్పై ఏళ్లకు పైగా అర్జీలు రాసిపెట్టాను. డబ్బు తీసుకోలేదు. చదువు చెప్పే చేతికి అదీ ఒక పనే అనుకున్నాను.

ఒకరోజు ఒక ముసలమ్మ వచ్చింది. మట్టిమిద్దె వానకు ఉరుస్తోందని, ఇల్లు మంజూరు చేయమని అర్జీ రాయమంది. రాశాను. చదివి వినిపించాను. ఆమె అంతా విని నెమ్మదిగా అంది: "ఏం సారూ, నా కోడలు కాపురానికొచ్చిన ఏడు గూడా ఇదే రాస్తివి గదా." ఆ కోడలు పక్కనే నిలబడి ఉంది. ఆమె చంకలో బిడ్డ, ఆ బిడ్డకు నాలుగేళ్లు. కాగితం మారింది, తేదీ మారింది, మిద్దె మాత్రం ఉరుస్తూనే ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా నేను రాసిన అర్జీలన్నీ కళ్ల ముందు తిరిగాయి. వాటిని మూడు కట్టలుగా కట్టవచ్చు అనిపించింది. ఒకటి ఇల్లు. రెండోది ఆసుపత్రి. మూడోది ధరలు, అంటే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనే బాధ. వేలమంది మనుషులు, మూడే బాధలు. అందరిదీ ఒకటే బాధ అయినప్పుడు ఒక్కొక్కరూ విడివిడిగా కాగితం పట్టుకొని తిరగడమెందుకు? ఈ మాట అందరి తరఫున ఒక్కసారి గట్టిగా పలకవలసిన చోటు ఎక్కడుంది? ఆ చోటు చట్టసభ. ఈరోజు నా ప్రసంగం దాని గురించే.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా నాయకులు, రాయలసీమ నాయకులు కూర్చొని ఒప్పందం రాసుకున్నారు. శ్రీబాగ్ ఒప్పందమనగానే మనకు కృష్ణ, తుంగభద్ర నీళ్లు గుర్తొస్తాయి, రాజధాని గుర్తొస్తుంది. అందులో ఇంకో షరతు కూడా ఉంది. శాసనసభలో సీట్లు జిల్లాకు సమానంగా ఉండాలని సీమ పెద్దలు అడిగారు. నీళ్లు ఎంత ముఖ్యమో, ఆ నీళ్ల కోసం సభలో లేచి అడిగే గొంతుల లెక్క కూడా అంతే ముఖ్యమని వాళ్లు గ్రహించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకు గదులు చాలక డేరాలు వేసుకున్నారు. ఆ డేరాల ఊళ్లోనే మన తెలుగువాళ్ల మొదటి శాసనసభ నడిచింది.

దానికి ఒక ఏడాది ముందు, 1952లో, దేశంలో మొదటి లోక్‌సభ కొలువు తీరింది. ఆ ఏడు రాయలసీమ కరువుతో అల్లాడింది. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించుకున్న కాలం. ఆ కరువు ఏడు కడప నుంచి ఢిల్లీకి పోయినవారు కమ్యూనిస్టు నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డిగారు. జమ్మలమడుగు దగ్గరి పెద్దపసుపుల ఆయన ఊరు. 1962లో, 1967లో, 1971లో కూడా కడప ఆయననే పంపింది. గంజి కేంద్రాల ముందు గిన్నె పట్టుకొని నిలబడ్డ జనం, ఓటు చేతికి రాగానే తమ తరఫున మాట్లాడేవాణ్ణి ఎంచుకున్నారు. ఆకలిగొన్నవాడికి ముందు కావలసింది గంజే. తన ఆకలిని దేశం ముందు చెప్పే మనిషి కూడా కావాలని ఈ జిల్లా ఆనాడే అనుకుంది.

ఇక మా మైదుకూరు సంగతి. మైదుకూరు, దువ్వూరు, చాపాడు, ఖాజీపేట, బ్రహ్మంగారిమఠం, ఈ ఐదు మండలాలు కలిసి మా నియోజకవర్గం. 1978 నుంచి 2024 ఎన్నికల దాకా, అంటే నలభై ఆరేళ్లు, ఇద్దరే ఇద్దరు మా ఎమ్మెల్యేలుగా ఉన్నారు. డాక్టర్ డి.ఎల్. రవీంద్రారెడ్డిగారు ఆరుసార్లు, శెట్టిపల్లి రఘురామిరెడ్డిగారు నాలుగుసార్లు గెలిచారు. రవీంద్రారెడ్డిగారు రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగా కూడా పనిచేశారు. 2024లో పుట్టా సుధాకర్ యాదవ్‌గారు గెలిచారు. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్న తీర్పు నేను చెప్పబోవడం లేదు. నా మాట మన గురించి. ఇన్నేళ్లలో మనం వాళ్ల ఇంటి ముందుకు ఏం పట్టుకొని పోయాం? బదిలీ, పింఛను, రేషన్ కార్డు, పోలీస్ స్టేషన్‌కు ఒక ఫోను. మా ఊరి బాధను సభలో ప్రశ్నగా అడగండి అని ఎంతమందిమి అడిగాం? నేను రాసిన అర్జీల్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఆ లోటు నాది కూడా.

ఈ అలవాటు మన ఒక్కరికే అనుకోకండి. యూరప్‌లో ఐర్లండ్ అనే చిన్న దేశం ఉంది. దాని నైరుతి మూల కెర్రీ అనే జిల్లా. కొండలు, గొర్రెల మందలు, పాడి రైతులు ఉన్న ప్రాంతం. అక్కడ జాకీ హీలీ రే అనే ఆయన 1997లో ఏ పార్టీ లేకుండా స్వతంత్రుడిగా గెలిచాడు. ఆ తర్వాత ఆయన కొడుకులు మైకేల్, డానీ కూడా స్వతంత్రులుగానే గెలుస్తూ వచ్చారు. అక్కడి సభ్యులు వారం వారం జనాన్ని కలిసి బాధలు వింటారు. ఆ కూర్చోవడాన్ని వాళ్లు క్లినిక్ అంటారు, డాక్టరు దగ్గరికి పోయినట్టు. అంటే అక్కడ కూడా అర్జీలే. అయితే క్లినిక్‌లో విన్నది సభలో పలకాలన్న పట్టుదల అక్కడి జనానిది. ఇంటి అద్దెలు, ఇళ్ల కొరత, దూరాన ఉన్న ఆసుపత్రి, చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు, ఇవన్నీ పల్లె సభ్యుల నోట రాజధాని డబ్లిన్‌లోని సభలో వినిపిస్తాయి. పేర్లు వేరు, కట్టలు మాత్రం అవే మూడు: ఇల్లు, ఆసుపత్రి, ధరలు.

ఇక్కడొక లెక్క చెప్పాలి. 2024 ఎన్నికల నాటికి ఐర్లండ్ సభలో 174 మంది సభ్యులు. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది. ఒక్కరే తేడా. కానీ 2022 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభా 51 లక్షలు, మనది 2011 లెక్కల ప్రకారమే ఐదు కోట్లకు దగ్గర. అక్కడ ఒక సభ్యుడు మోసేది ముప్పై వేల మంది బరువు. ఇక్కడ ఒక ఎమ్మెల్యే మోసేది రెండు లక్షల ఎనభై వేల మంది బరువు. పైగా కెర్రీ జిల్లాకంతా కలిపి ఐదుగురు సభ్యులు. ఒకరు వినకపోతే ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. మనకు ఉన్నది ఒక్కరే. ఆ ఒక్కరూ మన ఇంటింటి అర్జీలతోనే తెల్లవారి నుంచి పొద్దుపోయేదాకా సతమతమైతే, సభలో ప్రశ్న తయారుచేసుకొనే తీరిక ఎక్కడ?

ఐర్లండ్ నుంచి నేను నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. అక్కడి ఆసుపత్రుల్లో మంచం దొరక్క చక్రాల బల్లల మీదే పడుకొని ఉన్న రోగులెందరో అక్కడి నర్సుల సంఘం రోజూ లెక్క తీసి ప్రకటిస్తుంది. సభలో లేచిన సభ్యుడి చేతిలో ఆ అంకె ఉంటుంది. "రోగులు ఇబ్బంది పడుతున్నారు" అంటే మంత్రి "పరిశీలిస్తాం" అని కూర్చుంటాడు. "నిన్న ఫలానా ఆసుపత్రిలో ఇంతమందికి మంచం లేదు" అంటే ఆ అంకెకు జవాబు చెప్పి తీరాలి. ఏడుపు కంటే లెక్కకు బలం ఎక్కువ.

ఇప్పుడు మన మూడు కట్టలు విప్పుదాం.

మొదటిది ఇల్లు. కేంద్రం 2016లో పల్లెల కోసం ప్రధానమంత్రి ఆవాస్ యోజన పెట్టింది. మైదాన ప్రాంతంలో ఒక ఇంటికి ఇచ్చేది లక్షా ఇరవై వేల రూపాయలు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. అంటే సుమారు 270 చదరపు అడుగులు. భాగించి చూడండి, అడుగుకు 450 రూపాయలు కూడా పడవు. 2024లో ఈ పథకాన్ని పొడిగించినప్పుడు కూడా అదే లక్షా ఇరవై వేలు ఉంచారు. ఎనిమిదేళ్లలో సిమెంటు, ఇనుము, ఇసుక, మేస్త్రీ కూలి ఎంత పెరిగాయో ఇల్లు కట్టినవాళ్లకు నేను చెప్పాలా? మన ఊళ్లల్లో సగం లేచి నిలిచిపోయిన మొండిగోడల కథ ఇదే. స్థలం సంగతీ అంతే. 2020 డిసెంబరులో రాష్ట్రం పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు చొప్పున పట్టాలిచ్చింది. సెంటంటే 48 గజాల పైచిలుకు. మనుషులకే కాదు, పాడిగేదెకు, గడ్డివాముకు, నాగలికి కూడా చోటు కావాలి కదా పల్లె ఇంటికి. తర్వాతి ప్రభుత్వం పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు ఇస్తామంది. మంచిదే. ఇచ్చినవెన్ని, కట్టుకున్నవెన్ని, పునాదితో ఆగినవెన్ని అన్నది ఊరి వారీగా అడగవలసిన ప్రశ్న.

రెండోది ఆసుపత్రి. మన దగ్గర పథకాలు లేవని ఎవరూ అనలేరు. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి, కాదనను. కానీ పల్లె మనిషికి జబ్బు చేస్తే ఏమవుతుంది? మా వీధిలో ఒక అమ్మాయికి కాన్పు నొప్పులొచ్చాయి. మొదటి ఆసుపత్రిలో మత్తు డాక్టరు లేడన్నారు. రెండో ఊరికి తీసుకుపోతే రక్తం లేదన్నారు. మూడో ఊళ్లో కాన్పయింది. తల్లీబిడ్డ బతికారు. అప్పు మాత్రం మూడేళ్లు తీర్చారు. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అని నేను చెప్పను, అది ఒకచోటి తప్పు కాదు కాబట్టి. ప్రభుత్వ ప్రమాణాలే చెబుతున్నాయి: మైదాన ప్రాంతంలో ముప్పై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, లక్షా ఇరవై వేల జనాభాకు ముప్పై పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఆ సామాజిక కేంద్రంలో శస్త్రచికిత్స, కాన్పులు, పిల్లలు, సాధారణ జబ్బులు చూసే నిపుణులు ఉండాలి. భవనం ఉందా అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది. ఫలానా నెలలో మత్తు డాక్టరు ఎన్ని రోజులు డ్యూటీలో ఉన్నాడు, ఎన్ని కాన్పులు చేశారు, ఎంతమందిని వేరే ఊరికి పంపారు అని అడగండి. అప్పుడు నిజం బయటికొస్తుంది.

మూడోది ధరలు. దీన్ని చెప్పడానికి నాకు మన ఎర్రగడ్డ చాలు. ఉల్లిని మన సీమలో ఎర్రగడ్డ అంటాం. మన మైదుకూరు వైపు పండే కృష్ణాపురం ఎర్రగడ్డ, అందరూ కేపీ ఉల్లి అంటారు, గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. దీనికి మన దేశంలో గిరాకీ లేదు. మలేసియా, సింగపూర్, శ్రీలంక, థాయ్‌లాండ్ వంటి దేశాలకు పోవలసిందే. 2020 సెప్టెంబరులో నగరాల్లో ఉల్లి ధర పెరగకుండా కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. ఢిల్లీ ఇల్లాలికి ఉల్లి చవకగా అందాలన్నది న్యాయమే. కానీ ఢిల్లీలో ఎవరూ తినని మన గడ్డను కూడా అదే గొలుసుతో కట్టేశారు. ఇక్కడ ఆపితే అక్కడ ధర తగ్గేది లేదు, మన రైతు మునిగేదే ఉంది. తర్వాత అక్టోబరు 9న ఉత్తర్వు వచ్చింది: పదివేల టన్నుల కృష్ణాపురం ఉల్లిని, పదివేల టన్నుల బెంగళూరు రోజ్ ఉల్లిని 2021 మార్చి 31 దాకా చెన్నై రేవు నుంచి పంపవచ్చని. దేశానికంతటికీ పెట్టిన నిషేధంలో మన గడ్డకు పేరు పెట్టి సందు ఇచ్చారు. దేశం మొత్తాన్ని చూసే చట్టానికి మన చేను కనబడదు. చూపించేవాడు ఉంటేనే కనబడుతుంది. ఇలాంటి నిషేధం కొన్నేళ్లకోసారి మళ్లీ వస్తూనే ఉంటుంది. కృష్ణాపురం ఉల్లికి మొదటి రోజు నుంచే మినహాయింపు ఉండాలన్నది మన ఎంపీ నోట పార్లమెంటులో పలకవలసిన మాట.

ఏ ప్రశ్న ఎవరికి అన్నది కూడా తెలుసుకోవాలి. ఆసుపత్రులు, ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఆ ప్రశ్న ఎమ్మెల్యే ద్వారా వెలగపూడిలోని శాసనసభకు పోవాలి. విదేశీ వ్యాపారం కేంద్ర జాబితాలో ఉంది. ఎర్రగడ్డ ప్రశ్న ఎంపీ ద్వారా ఢిల్లీకి పోవాలి. ఇంటి డబ్బు కేంద్రం, రాష్ట్రం కలిసి ఇచ్చేది కాబట్టి ఇద్దరినీ అడగాలి. లోక్‌సభలో ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెబుతాడు, దాని మీద ఉప ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతలో జవాబు వస్తుంది. ప్రశ్నగా పడకపోతే 377 నిబంధన కింద ఊరి సమస్యను చదివి వినిపించవచ్చు. మంత్రి సభలో మాట ఇస్తే, అది నెరవేరిందా లేదా అని చూడటానికి హామీల కమిటీ ఉంది. పార్లమెంటులో అలాంటి హామీ మూడు నెలల్లో నెరవేరాలి. సభ్యుడు సభలో అన్న మాటకు అతని మీద ఏ కోర్టులోనూ కేసు వేయలేరు. రాజ్యాంగం అంత పెద్ద రక్షణ ఇచ్చింది మన కోసమే, మన తరఫున నిర్భయంగా మాట్లాడమని.

సభలో మాట్లాడితే ఏమొస్తుంది, అది ఉత్త మాటల అంగడి అనేవాళ్లున్నారు. ఆ మాట తేలిగ్గా తీసేసేది కాదు. మన సీమ బిడ్డ తరిమెల నాగిరెడ్డిగారు 1952లో అనంతపురం నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికైన మనిషి, లోక్‌సభలో కూర్చున్న మనిషి. ఆయనే 1969లో శాసనసభ వల్ల పేదవాడికి న్యాయం జరగదని సభ్యత్వానికి రాజీనామా చేసి బయటికొచ్చారు. ఆయన బాధను నేను గౌరవిస్తాను. కానీ అప్పటి ఖమ్మం జిల్లా ఇల్లందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్యగారిని కూడా మీరు చూడండి. ఎమ్మెల్యేగా ఉన్నా సైకిలు మీద తిరిగారు, బస్సులో ఎక్కారు, ఆదివాసీ గూడేల కాగితాలు సంచిలో పెట్టుకొని హైదరాబాద్ సభకు పోయారు. ఇల్లందు అడవి బాధ అసెంబ్లీ రికార్డులో ఉందంటే అలాంటి మనిషి మోయబట్టే. సభ ఒట్టిపోయిన ఆవైతే, దానికి గడ్డి వేయనిది మనం కూడా. ప్రశ్న అడగమని ఎవరూ చెప్పని సభ్యుడు ప్రశ్న అడగకపోతే ఆశ్చర్యమేముంది?

కాబట్టి నాదొక మనవి. ముఖ్యంగా పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, చదువుకున్న పిల్లలకు. మీ ఊరి లెక్క మీరే రాయండి. పునాదితో ఆగిన ఇళ్లెన్ని? ఈ ఏడు కాన్పు కోసం ఊరు దాటినవాళ్లెందరు, ఎంత అప్పు చేశారు? ఎర్రగడ్డ వేసినవాళ్లెందరు, పెట్టుబడి ఎంత, అమ్మింది ఎంతకు? ఒక పలకబండ మీద కూర్చొని రెండు సాయంత్రాలు రాస్తే అయిపోయే పని. ఆఫీసుల లెక్క కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామసభలో ఆ లెక్క చదివి అందరితో సంతకాలు పెట్టించండి. ఆ తర్వాత ఎమ్మెల్యే దగ్గరికి, ఎంపీ దగ్గరికి పోండి. ఇల్లు ఇప్పించండి అని అడగకండి. "అయ్యా, ఈ ప్రశ్న సభలో మీరు అడగండి, జవాబు కాగితం మా గ్రామసభకు పంపండి" అనండి. సమావేశాలు అయిపోయాక మళ్లీ పోయి అడగండి: "మా ప్రశ్న వేశారా? మంత్రి ఏమన్నాడు?"

నేను ఆ ముసలమ్మ అర్జీని చింపలేదు. దాని వెనకవైపు మా వీధిలో ఉరిసే మిద్దెల లెక్క రాశాను. పదిహేడు. ఇప్పుడది అర్జీ కాదు, ప్రశ్న. మీ వీధి లెక్క కూడా కలిపితే అది మైదుకూరు ప్రశ్న అవుతుంది. ఈ వారమే మొదలుపెట్టండి.